చిట్టా, ఆవర్జాల నుండి కంప్యూటరు దాకా

(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను కంప్యూటరు మాటల గురించి అరగంట మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును కాను. 1973లో ఎల్‌డీసీగా రెవెన్యూలో చేరి, మధ్యలో కొన్నేళ్లు మార్కెట్ కమిటీలో డెప్యుటేషన్ మీద పనిచేసి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ మాటల్లో చాలా వాటి వెనుక ఉన్న పని మనం చేసిందే.

మన కాలంలో కార్యాలయానికి వచ్చిన రైతుకు ‘ఫైలు పుటప్ అయింది’, ‘రిమార్క్సుకు పోయింది’, ‘ఎండార్స్‌మెంటు ఇచ్చాం’ అని చెప్పేవాళ్లం. ఆయన తల ఊపి వెళ్లిపోయేవాడు. అర్థమయి కాదు, అడగడం తెలియక. ఇప్పుడు ఆ రైతు స్థానంలో మనం ఉన్నాం. కౌంటరు అవతల కుర్రవాడు ‘మాస్టర్‌లో లేదండీ’, ‘డేటా మిస్‌మ్యాచ్ అండీ’, ‘చెకర్ లాగిన్‌లో ఉందండీ’ అంటాడు. మనం తల ఊపి ఎండలో ఇంటికి వస్తున్నాం.

నేను చెప్పదలచింది ఒక్కటే. మాట తెలిస్తే ప్రశ్న అడగవచ్చు. ప్రశ్న అడిగితే మన కాగితం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఇది కాలక్షేపం సంగతి కాదు. మన పెన్షనుకు, మన తర్వాత ఇంటివారికి రావలసిన కుటుంబ పెన్షనుకు సంబంధించినది. అందుచేత కాస్త ఓపికగా వినవలసిందిగా ప్రార్థన.

డేటా, సమాచారం

మొదటి మాట డేటా. ఒక చీటీ మీద 60, 43, 14,500 అని మూడు అంకెలు వేసి మీ చేతికి ఇస్తే ఏమీ అర్థం కాదు. అది వట్టి డేటా. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసినవారికి అదే చీటీ మీద ‘తేజ రకం, 60 టిక్కీలు, టిక్కీకి 43 కిలోలు, క్వింటాలు 14,500 రూపాయలు’ అని రాసి ఇస్తే వెంటనే లెక్క కడతారు: 25 క్వింటాళ్ల 80 కిలోలు, 3,74,100 రూపాయలు. ఇప్పుడు అది సమాచారం అయింది. (ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవే, నేటి ధర కాదు.) ఆ ధర చూసి రైతు ‘ఇవాళ అమ్ముదామా, కోల్డ్ స్టోరేజీలో పెడదామా’ అని ఆలోచిస్తాడు. అది నిర్ణయం.

డేటాను పోగుచేసి, దాన్ని సమాచారంగా మార్చి, నిర్ణయం చేసేవారి ముందు పెట్టే ఏర్పాటునంతా కలిపి ‘ఇన్ఫర్మేషన్ సిస్టం’ అంటారు. అందులో కంప్యూటరు ఒక భాగం మాత్రమే. మనుషులు, ఫారాలు, నిబంధనలు, రాసే పద్ధతి అన్నీ అందులోనివే. ఆ లెక్కన తాలూకా కచ్చేరీ కూడా ఒక ఇన్ఫర్మేషన్ సిస్టమే. నెలనెలా మనం పంపిన పీరియాడికల్సు గుర్తున్నాయా? వర్షపాతం, శిస్తు వసూలు, పెండింగు ఫైళ్లు! వాటినే ఇప్పుడు ‘ఎం.ఐ.ఎస్. రిపోర్టులు’ అంటున్నారు. కలెక్టరుగారి సమీక్షకు మనం తెల్ల కాగితం మీద గళ్లు గీసి తయారుచేసిన స్టేట్‌మెంటును తెర మీద రంగుల్లో చూపిస్తే దాని పేరు ‘డ్యాష్‌బోర్డు’.

మాస్టరు, ట్రాన్సాక్షను

పాత షాహుకారు దుకాణంలో రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు జరిగిన వ్యవహారం ఆ రోజు వరుసగా రాసేది చిట్టా. అందులో నుండి పేరుపేరునా ఖాతాలకు ఎక్కించేది ఆవర్జా. ఇటలీలోని వెనీసు నగరంలో 1494లో లూకా పాచోలీ అనే పండితుడు జంట పద్దు విధానాన్ని వివరిస్తూ పుస్తకం అచ్చు వేయించాడు. దేశం ఏదైనా లెక్క రాసేవాడి అవసరం ఒకటే: జరిగింది జరిగినట్టు ఒకచోట రాయాలి, ఎవరి పద్దు వారి కింద ఒకచోట చూపాలి.

కంప్యూటరులో జరిగిన ప్రతి వ్యవహారాన్నీ ‘ట్రాన్సాక్షను’ అంటారు. చిట్టాలో ఒక వరుస ఒక ట్రాన్సాక్షను. అయితే ఆ వరుస రాయాలంటే మనిషి ఎవరు, సరుకు ఏది, ఊరు ఏది అని ముందే తెలిసి ఉండాలి. తరచుగా మారని ఆ వివరాల పట్టీయే ‘మాస్టరు’.

రెవెన్యూవారికి తేలికగా చెబుతాను. సర్వే నంబరు, విస్తీర్ణం, నేల తరగతి ఉండే ఆర్‌.ఎస్‌.ఆర్‌. మాస్టరు. ఏటేటా ఏ పైరు వేశారో రాసే అడంగల్ ట్రాన్సాక్షను. ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో కూర్చున్నవారికి చెప్పాలంటే సర్వీసు రిజిస్టరు మాస్టరు, నెలనెలా పే బిల్లు ట్రాన్సాక్షను. యార్డువారికి చెప్పాలంటే కమీషను ఏజెంట్ల, వ్యాపారుల లైసెన్సు రిజిస్టరు మాస్టరు, రోజువారీ తక్‌పట్టీలు ట్రాన్సాక్షన్లు.

ఇది ఎందుకు తెలుసుకోవాలి? ‘మీ పెన్షను పడలేదండీ’ అన్నప్పుడు దానికి రెండు కారణాలు ఉండవచ్చు. మాస్టరులో మీ వివరం ఏదో తప్పుగా ఉండవచ్చు, లేదా మాస్టరు సరిగానే ఉండి ఈ నెల బిల్లు ఎక్కడో ఆగి ఉండవచ్చు. మొదటిదయితే కాగితాలు పెట్టి సరిచేయించుకోనిదే ఎన్ని నెలలు ఎదురుచూసినా పడదు. రెండోదయితే ఆగిన చోటు కనుక్కుంటే చాలు. ఈ తేడా తెలియక తిరిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

కోడు నంబరు ఎందుకు?

‘పేరు చెబితే చాలదా, ఈ నంబర్లన్నీ ఎందుకు?’ అని మనవాళ్లు విసుక్కుంటారు. చీరాలను తీసుకోండి. 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది. ఆ ఏడు ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు చీరాల బాపట్ల జిల్లాలో చేరింది. ఈ మధ్యలో 1985లో మండలాలు వచ్చి పాత తాలూకాలు పోయాయి. చీరాలలో పుట్టినాయన స్కూలు సర్టిఫికెట్టులో గుంటూరు జిల్లా, సర్వీసు రిజిస్టరులో ప్రకాశం జిల్లా, కొత్తగా తీసుకున్న కార్డులో బాపట్ల జిల్లా ఉంటాయి. మనిషి ఒక్కడే, ఊరు కదలలేదు. కాగితం మీద మాత్రం మూడు జిల్లాలు.

పేరు సంగతీ అంతే. ‘వెంకట సుబ్బమ్మ’, ‘వి. సుబ్బమ్మ’, ‘సుబ్బాయమ్మ’ ఒకరే అని వీధిలో చిన్నపిల్లవాడికి తెలుసు. కంప్యూటరుకు తెలియదు. దానికి వాళ్లు ముగ్గురు మనుషులు. అందుకే మారని ఒక సంఖ్య పెట్టుకుని దానితో మనిషిని గుర్తుపడుతుంది. ఆ సంఖ్యను ‘కీ’ అంటారు, అంటే తాళంచెవి. మన పీపీఓ నంబరు, సీఎఫ్ఎంఎస్ ఐడీ, ఆధారు సంఖ్య అటువంటివే. లాం ఫారంలో తయారైన ఎల్‌సీఏ 334 మిర్చి రకాన్ని మన రైతులు ‘334’ అనే పిలుస్తారు కదా! కోడు అనే మాట తెలియకుండానే కోడుతో బతికినవాళ్లం మనం.

డేటాబేసు, ఈఆర్‌పీ

మన కాలంలో ఒకే మనిషి వివరం నాలుగు రిజిస్టర్లలో ఉండేది. ఒకదానిలో దిద్దితే మిగతా మూడింటిలో దిద్దడం మరచిపోయేవారు. ఈ చిక్కు తీర్చడానికి 1970లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి సూచించాడు. సమాచారాన్ని అడ్డు వరుసలు, నిలువు గళ్లు ఉన్న పట్టికలుగా పెట్టాలి. ఒక పట్టికను మరొక పట్టికతో ఇందాక చెప్పిన కీ ద్వారా కలపాలి. ఒక సంగతిని ఒక్కచోటే రాసి, కావలసిన చోటల్లా అక్కడి నుండే చదువుకోవాలి. నేటి డేటాబేసులు చాలామటుకు ఈ పునాది మీద నిలిచినవే.

మన రాష్ట్రంలో సామాన్యుడికి దీని ఫలితం తెలిసింది రిజిస్ట్రేషను శాఖలో. 1998లో ‘కార్డ్’ అనే కంప్యూటరు పథకం ప్రారంభమయింది. అంతకుముందు ఈసీ కావాలంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తుల ఇండెక్సు ఒకటి ఏళ్ల తరబడి పుటలు తిరగేసి రాయవలసి వచ్చేది. ఆ వెతుకులాటను యంత్రం నిమిషాల మీదికి తెచ్చింది. ఇండెక్సు అనే మాట అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. పనీ అదే.

ఇక ఈఆర్‌పీ. ఒక సంస్థలో జీతాల సీటు, కొనుగోళ్ల సీటు, లెక్కల సీటు, స్టోర్సు సీటు వేరువేరు పుస్తకాలు పెట్టుకోకుండా అందరూ ఒకే డేటాబేసు మీద పనిచేసే ఏర్పాటు. ఈ రంగంలో పేరు పొందిన జర్మనీ సంస్థ ఎస్ఏపీ 1972లో మొదలయింది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో ప్రవేశపెట్టిన సీఎఫ్ఎంఎస్‌కు ఆధారం ఆ సంస్థ సాఫ్టువేరే. బిల్లు పెట్టే డ్రాయింగు అధికారి, ఖజానా, ఆర్థిక శాఖ, బ్యాంకు అందరినీ ఒకే గొలుసులో కట్టారు. ఇందులో సుఖం ఏమిటంటే ఒకచోట దిద్దితే అంతటా దిద్దినట్టే. కష్టం ఏమిటంటే ఒకచోట తప్పు పడితే అంతటా తప్పే.

విత్తు ఒకటి, చెట్టు ఒకటి కాదు

పత్తి, మిర్చి పండించే మన జిల్లాల్లో నకిలీ విత్తనం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఎరువు ఎంత వేసినా, నీరు ఎంత పెట్టినా విత్తనంలో లేనిది చేలో రాదు. కంప్యూటరూ అంతే. లోపలికి వెళ్లింది తప్పయితే బయటికి వచ్చేది తప్పే. పైగా అది అచ్చులో అందంగా వస్తుంది కాబట్టి జనం నమ్ముతారు.

ఈ-క్రాపు నమోదు సంగతి మీకు తెలిసిందే. చేలో పత్తి ఉండి, నమోదులో మిర్చి అని పడితే, భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రం దగ్గర యంత్రం ఆయనను పత్తి రైతుగా గుర్తించదు. రైతు చేతిలో పత్తి మూట కనబడుతూనే ఉంటుంది. అయినా యంత్రానికి కనబడేది రికార్డే. 2025 నుండి ‘కపాస్ కిసాన్’ అనే యాప్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుని, వంతు తీసుకుని పత్తి తీసుకువెళ్లే పద్ధతి వచ్చింది కాబట్టి ఈ సంగతి ఇంకా ముఖ్యమయింది.

యంత్రం పాటించే షరతులను ‘బిజినెస్ రూల్సు’ అంటారు. పత్తిలో తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర, అక్కడి నుండి 12 శాతం దాకా తేమను బట్టి తగ్గింపు, 12 దాటితే కొనరు. ఇది ఒక రూలు. లోపలికి వచ్చే అంకె ఈ హద్దుల్లో ఉందో లేదో చూడడం ‘వ్యాలిడేషను’. ఒక వివరం రెండుచోట్ల రెండు రకాలుగా కనబడితే ‘మిస్‌మ్యాచ్’. దానిని సరిపోల్చి తేడా తేల్చడం ‘రీకన్సిలియేషను’. మన జమాబందీలో ఊరి లెక్కలను తాలూకా లెక్కలతో తాళా చూసింది ఇదే. ఖజానా అంకెకూ శాఖ అంకెకూ తేడా వస్తే పైసా దొరికేదాకా ఇంటికి వెళ్లనివారు మనలో ఇంకా ఉన్నారు.

మేకరు, చెకరు

‘వర్క్‌ఫ్లో’ అంటే ఫైలు నడిచే దారి. గుమాస్తా నోటు రాసి పుటప్ చేసేవాడు, సూపరింటెండెంటు చూసి సంతకం పెట్టేవాడు, అధికారి ఉత్తర్వు ఇచ్చేవాడు. సీఎఫ్ఎంఎస్‌లో ఆ ముగ్గురే మేకరు, చెకరు, సబ్‌మిటరు. బిల్లు తయారుచేసేవాడూ ఆమోదించేవాడూ ఒకడే కాకూడదన్న పాత సూత్రానికి ఇది కొత్త పేరు. ‘లాగిన్’ అంటే ఎవరి బల్ల వారిది. ‘చెకర్ లాగిన్‌లో ఉంది’ అంటే ఫైలు సూపరింటెండెంటుగారి బల్ల మీద ఉందని అర్థం.

మనం అంకె దిద్దితే గీత కొట్టి, పక్కన పొడి సంతకం, తేదీ వేసేవాళ్లం. కింది అంకె కనబడేలా ఉండాలి, చెరపరాదు. కంప్యూటరు కూడా ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో లోపల రాసుకుంటుంది. దాన్ని ‘ఆడిట్ ట్రయిల్’ అంటారు. అందుకే పాస్‌వర్డు మరొకరికి ఇవ్వకూడదు. అది పొడి సంతకాన్ని అప్పు ఇచ్చినట్టు.

ఖజానాలో డబుల్ లాకు చూసినవారికి ఓటీపీ గురించి ఒక్క మాటలో చెబుతాను. గదికి రెండు తాళాలు. ఒక చెవి అధికారి దగ్గర, రెండోది మరొక ఉద్యోగి దగ్గర. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. మన బ్యాంకు ఖాతాకు పాస్‌వర్డు మొదటి చెవి, ఫోనుకు వచ్చే ఓటీపీ రెండోది. ‘ఖజానా నుండి మాట్లాడుతున్నాం, లైఫ్ సర్టిఫికెట్టు అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి’ అని ఫోను వస్తే అవతలివాడు మన రెండో తాళంచెవి అడుగుతున్నాడని అర్థం. ఇవ్వకండి. ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరిస్తే బెదరకండి, మన చట్టాల్లో అటువంటి అరెస్టు లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. మొగమాటపడి దాచుకుంటే పోయినది దొరకదు.

సర్వరు, క్లౌడు, బ్యాకప్

సర్వరు మన రికార్డు రూము వంటిది. కౌంటరులో ఉన్న పిల్లవాడి బల్ల మీద మీ ఫైలు ఉండదు, దూరాన ఉన్న రికార్డు రూముకు కబురు పెట్టి తెప్పిస్తాడు. కబురు వెళ్లకపోతే ‘సర్వర్ డౌన్’. క్లౌడు అంటే మబ్బుల్లో ఉన్నది కాదు. రైతు తన టిక్కీలను ఇంట్లో పెట్టుకోకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు తెచ్చుకుంటాడు. సరుకు ఆయనదే, గది మరొకరిది, అద్దె కడతాడు. డేటాను అలా అద్దె గదిలో పెట్టడమే క్లౌడు. బ్యాకప్ అంటే రెండో ప్రతి, వేరే చోట. తుపాను తర్వాత తడిసిన రికార్డులు ఎండబెట్టుకున్న తీరప్రాంతపు మిత్రులకు దాని విలువ మరొకరు చెప్పనక్కరలేదు.

ఇవన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో చూడాలంటే ఈ-నామ్ చూడండి. 2016 ఏప్రిల్ 14న ఈ జాతీయ వ్యవసాయ మార్కెట్టు మొదలయింది. మన గుంటూరు మిర్చి యార్డు, దుగ్గిరాల పసుపు యార్డు అందులో చేరాయి. గేటులో నమోదు చేయగానే సరుకుకు లాటు నంబరు పడుతుంది, అది కీ. రైతు, ఏజెంటు, వ్యాపారి మాస్టరులో ఉంటారు. వేలం, తూకం, పట్టీ ఒక్కొక్కటీ ట్రాన్సాక్షను. రోజు చివర ధరల పట్టీ రిపోర్టు. కానీ ఒక్క మాట. కాయను చేతిలోకి తీసుకుని విరిచి చూసి, రంగు, తేమ, తాలు ఎంతో చెప్పే మనిషి కన్ను అక్కడ ఇంకా కావాలి. అది సరిగా చూసి రాస్తేనే యంత్రం సరైన మాట చెబుతుంది.

ఖాళీ గడి

ఇక అసలు సంగతికి వస్తాను. దీనికోసమే నేను ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నది.

నాతో పనిచేసిన మిత్రుడు ఒకాయన కొన్నేళ్ల క్రితం కాలం చేశారు. ఆయన భార్యకు కుటుంబ పెన్షను మంజూరయింది. నెలనెలా పడుతోంది కదా అని ఆమె మరేమీ అడగలేదు. మన ప్రభుత్వంలో 70 ఏళ్లు నిండినవారికి, ఆపైన వయసును బట్టి అదనపు పెన్షను ఉన్నదని మీకు తెలుసు. కుటుంబ పెన్షనరుకైతే చనిపోయిన ఉద్యోగి వయసు కాదు, పెన్షను తీసుకునే ఆమె వయసే లెక్క. ఆమెకు 70 నిండి మూడేళ్లు దాటింది. అదనపు మొత్తం పడలేదు. కొడుకు వెళ్లి అడిగితే ‘సిస్టంలో రావడం లేదండీ’ అన్నారు. ఆయన తిరిగి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. అదే మాట.

ఒకరోజు ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని నేను వెళ్లాను. ఒకే ప్రశ్న అడిగాను: ‘బాబూ, మాస్టరులో ఆమె పుట్టిన తేదీ ఏమని ఉంది?’ చూశాడు. గడి ఖాళీ. మిత్రుడి పీపీఓలో భార్య పేరు ఉంది, పుట్టిన తేదీ లేదు. కాగితాల కాలంలో ఎవరూ రాయలేదు, కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు ఎవరూ అడగలేదు. యంత్రం తప్పు చేయలేదు. పుట్టిన తేదీ లేని మనిషికి 70 ఏళ్లు ఎప్పుడు నిండుతాయి? దాని లెక్కలో ఎన్నటికీ నిండవు.

మిత్రులారా, తప్పు అంకె ఎప్పుడో ఒకప్పుడు ఎవరి కంటనో పడుతుంది, కేక వేస్తుంది. ఖాళీ గడి కేక వేయదు. రిజిస్టరులో ఖాళీ కనబడితే మన సూపరింటెండెంట్లు ఎర్ర సిరాతో సున్న చుట్టి ‘ఏమిటిది?’ అని అడిగేవారు. యంత్రం తనకు అడగమని చెప్పినదే అడుగుతుంది. చెప్పనిదాని జోలికి పోదు. ఆ ఎర్ర సిరా పని ఇప్పుడు ఎవరికి వారు చేసుకోవాలి.

ఆమెకు ఆధారాలు పెట్టించాం. వయసు ధ్రువీకరణ తెచ్చి, పత్రాలు దాఖలు చేసి, మంజూరయ్యేసరికి నెలలు పట్టింది. మిత్రుడు బతికి ఉండగా చేసి ఉంటే ఒక అర్జీతో, ఆయన సంతకంతో పోయే పని. చనిపోయిన మనిషి అర్జీ మీద సంతకం పెట్టలేడు.

మనం చేయవలసినవి

ఇంటికి వెళ్లగానే చేయవలసిన పనులు కొన్ని మనవి చేస్తున్నాను.

1. బీరువాలో ఉన్న పీపీఓ తీయండి. పక్కన ఆధారు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పాన్ కార్డు పెట్టండి. మీ పేరు, పుట్టిన తేదీ నాలుగింటిలోనూ ఒకటిగా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం తాళా చూడండి. ఇంటిపేరు ముందు ఉందా, వెనుక ఉందా అన్నదీ చూడండి.

2. మీ జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ పీపీఓలో ఉన్నాయో లేదో చూడండి. పేరు ఆమె ఆధారులో ఉన్నట్టే ఉండాలి. తేడా ఉన్నా, ఖాళీ ఉన్నా మీ చేతితో అర్జీ రాసి, ఆధారాలు జతపరచి, ఖజానాలో ఇచ్చి, రసీదు తీసుకోండి.

3. మానసికంగా గానీ శారీరకంగా గానీ వైకల్యం ఉన్న బిడ్డ మీ మీద ఆధారపడి ఉంటే ఆ వివరం రికార్డుకు ఎక్కించండి. మన తర్వాత ఆ బిడ్డ తరఫున తిరిగేవారు ఉంటారని నమ్మకం లేదు.

4. జీవన్ ప్రమాణ్ ద్వారా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి 2014 నవంబరులో వచ్చింది. వేలిముద్రలు అరిగి పడనివారికి 2021 నుండి ముఖం చూపి ఇచ్చే సౌకర్యం కూడా ఉంది. అయితే ‘ప్రమాణ్ ఐడీ వచ్చింది’ అంటే కాగితం ముట్టిందని మాత్రమే. ఆమోదించారా, తిరస్కరించారా అన్నది వేరు. ఇన్‌వర్డు నంబరు పడినంత మాత్రాన ఉత్తర్వు వచ్చినట్టు కాదని మనకు చెప్పాలా? కొద్ది రోజుల తర్వాత మళ్లీ చూసి తెలుసుకోండి.

5. బ్యాంకులోనూ, ఆధారులోనూ ఉన్న ఫోను నంబరు మీ చేతిలో ఉన్న ఫోనుదేనా? మనుమడు వాడి పారేసిన నంబరు అయితే వెంటనే మార్పించండి. రెండో తాళంచెవి ఎవరి దగ్గరో ఉన్నట్టు లెక్క.

6. ఈ కాగితాల జిరాక్సు ప్రతులు ఒక కవరులో పెట్టి, అది ఎక్కడ ఉందో మీ ఆవిడకు, పిల్లలకు చెప్పండి. ఇది మన ఇంటి బ్యాకప్.

ఇక కౌంటరు దగ్గర ‘సిస్టంలో రావడం లేదు’ అనే మాట వినబడితే తల ఊపి రాకండి. కోపం కూడా వద్దు. అక్కడ కూర్చున్న పిల్లలు మన పిల్లల వంటివారు, ఒక్కొక్కరు మనకాలపు ముగ్గురి పని చేస్తున్నారు. మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. ‘బాబూ, మాస్టరులో తేడా ఉందా, లేక ఈ నెల బిల్లు ఆగిందా?’ ‘తేడా ఉంటే ఏ గడిలో ఉంది, ఏ ఆధారం కావాలి?’ ‘ఆగి ఉంటే ఎవరి లాగిన్‌లో ఉంది, రిఫరెన్సు నంబరు ఎంత?’ ఈ మూడింటికీ జవాబు ఒక కాగితం మీద తేదీతో రాసుకోండి. వచ్చేసారి వెళ్లినప్పుడు ఆ కాగితమే మీ ఫైలు. అడిగే మనిషికి పని తెలుసునని తెలిస్తే అవతలివారు కూడా మరికాస్త జాగ్రత్తగా చూస్తారు. మన అనుభవంలో మనమూ అలాగే చేశాం కదా!

చదువు రాని కుటుంబ పెన్షనర్లు, నడవలేనివారు మన సంఘంలో ఉన్నారు. ఓపిక ఉన్న సభ్యులు ఒక్కొక్కరు తమ వీధిలో అటువంటి ఇళ్లు రెండు మూడు చూసుకుని, వారి పీపీఓలలోని గడులు తాళా చూసిపెడితే అంతకు మించిన సేవ లేదు. కార్యవర్గంవారు దీనికి ఒక ఫారం తయారు చేయించి సభ్యులకు పంచవలసిందిగా ఈ సభాముఖంగా కోరుతున్నాను. ఫారం గళ్లు గీసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. ఆ పని చేసి చాలా కాలమయింది.